కొడుకు బిగించిపోయిన క్లచ్ పైపు

మా కొడుకు పోయాక ఒక వానాకాలం, ఒక చలికాలం ఆ జీపు టార్పాలిన్ కిందే ఉంది. నాచారంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. అందులోనే దాన్ని వాడు ముక్క ముక్కగా తయారు చేసుకున్నాడు. ఛాసిస్ మిలటరీ వాళ్లు వేలం వేసినది. ఇంజిను ఏదో పాత డీజిల్ వ్యానుది. సీట్లు ఒక చోటివి, తలుపులు ఇంకో చోటివి. రంగు వేయలేదు. అక్కడక్కడ ఎర్ర ప్రైమరు పూసి వదిలాడు. వాడకట్టు వాళ్లు చూసి నవ్వేవాళ్లు. నేను తిట్టేదాన్ని. నట్లు కడిగి ఆరబెట్టుకోవడానికి నా చాటలు ఎత్తుకుపోతే మాత్రం అడ్డం చెప్పేదాన్ని కాదు.

ఆ జీపుకి మొదట క్లచ్ ఇనుప రాడ్లతో పనిచేసేదట. వేరే ఇంజిను, దాని వెంట వేరే గేరుపెట్టె వచ్చి కూర్చునేసరికి ఆ రాడ్లు ఎటూ అందలేదు. అందుకని నూనెతో పనిచేసే క్లచ్ పెడతానన్నాడు. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు.

“దవాఖానాల సూది మందు గొట్టం చూసినవు గదా అమ్మా. గసుంటియి రెండు. ఒకటి కాలి దగ్గర, ఒకటి కింద గేరుపెట్టె పక్కన. నడుమ సన్న పైపు. మీద తొక్కితే నూనె ఉరికి కింద కడ్డీని నూకుతది. కడ్డీ క్లచ్‌ను ఇడగొడ్తది. గంతే.”

“నూనె కారితే?” అన్నాను.

“కారకుండ బిగిస్త.”

బిగించాడు కూడా. మీది సిలిండరు, కింది సిలిండరు, నడుమ రాగి పైపు. ఎక్కడ మలుపు తిరగాలో అక్కడ మోకాలి మీద పెట్టుకుని మెల్లగా వంచాడు. రెండు కొసలా నట్లు వేసి బిగించాడు. ఇక నూనె పోయాలి, పెడల్‌ని పైకి లాగి పట్టే స్ప్రింగు వేయాలి. ఆ స్ప్రింగు అన్నోజిగూడ దగ్గర పాత బండ్ల సామాన్లు అమ్మేచోట దొరుకుతుందని మోటారు సైకిల్ మీద పోయాడు. తిరిగి వస్తుంటే నారపల్లి దగ్గర లారీ తగిలింది.

దవాఖానాలో వాడి బట్టలు, గడియారం మా చేతికి ఇచ్చారు. స్ప్రింగు లేదు. దొరికిందో, దొరకలేదో, కొన్నాడో, కొనకుండానే తిరిగి వచ్చాడో మాకు తెలియదు. చాలా రోజులు నా బుర్రలో అదే తిరిగింది. ఏడవడానికి వచ్చిన వాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నేను స్ప్రింగు సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాను.

కోడలు మా దగ్గరే ఉండిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. వాడు ఉన్నప్పుడు ఆమె, నేను కలిసి వండితే, నాచారం కార్ఖానాల్లో పనిచేసేవాళ్లకు వాడు మధ్యాహ్నం క్యారియర్లు అందించి వచ్చేవాడు. జీపు తయారైతే ఇంకా ఎక్కువ మందికి పెట్టొచ్చని వాడి ఆశ. వాడు పోయాక ఒక ఆటోవానికి అప్పజెప్పాం. కార్ఖానాలో భోజనం గంట మోగి, అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నాక అతడు తాపీగా వచ్చేవాడు. తినేవాళ్లు ఒక్కొక్కరే మానుకుంటున్నారు.

ఆ పరిస్థితిలో భువనగిరి వైపు నుంచి కోడలి అన్న వచ్చాడు. మంచివాడే. కూర్చుని నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

“అత్తమ్మా, ఇంకెన్నొద్దులు మా చెల్లె గిట్ల ఉండాలె? వయసుల ఉన్న పిల్ల. మా దిక్కు ఒక సంబంధం ఉన్నది. పిలగాడు మంచోడు, గుడికి వస్తడు.”

“ఆమెనే అడుగు” అన్నాను.

తలుపు చాటు నుంచి కోడలు, “నేను జీపు నడుపుకుంట అన్నా. క్యారియర్లు నేనే తీసుకపోత” అంది.

“నువ్వా? బాపు ట్రాక్టరు చెలకల తిప్పినట్టు గాదు. ఇది రోడ్డు.”

“చెలకల గట్లున్నయి, రోడ్డు మీద గట్లు గూడ లేవు గదా.”

పెళ్లికి ముందు ఆమె వాళ్ల తండ్రి ట్రాక్టరుతో మెట్ట చేలు దున్నేది. అతడు నవ్వాడు. నవ్వినా మాట వదల్లేదు. “సరే. మట్టల ఆదివారం నాడు వస్త. అప్పటికి బండి నడిస్తే నీ ఇష్టం, నేనేమన. నడువకపోతే దాన్ని ఇనుప సామాన్లోనికి అమ్మున్రి, నువ్వు నా ఎంట నడువు.”

అప్పుడు ఈస్టరు ముందటి శ్రమదినాల కూడికలు జరుగుతున్నాయి. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం ఎంతో దూరం లేదు.

మరునాడే మా ఆయన టార్పాలిన్ తీశాడు. ఆయన కార్ఖానాలో ఫిట్టరుగా చేసి మానినవాడు. అక్కడి సుత్తి మిషన్ల పక్కన ఏళ్ల తరబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. అందుకే తండ్రీకొడుకులు బండి పని చేసేటప్పుడు మాటలుండేవి కావు. ఒకరు కింద పడుకుంటే ఇంకొకరు సీట్లో ఉండేవాళ్లు. పానాతో ఛాసిస్ మీద కొట్టి చెప్పుకునేవాళ్లు. ఒక దెబ్బ అంటే తొక్కు. రెండు దెబ్బలంటే వదులు. ఇనుము మీది చప్పుడు చెవికి కాదు, వెన్నుకు వినబడుతుందని మా ఆయన అనేవాడు. నేను వంటింట్లో కూర తిప్పుతూ ఆ దెబ్బలు వినేదాన్ని. ఇంట్లో మగవాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

టార్పాలిన్ తీసిన మధ్యాహ్నం ఆయన బ్రేక్ ఆయిల్ తేవడానికి ఉప్పల్ పోయాడు. నేను, కోడలు బియ్యం ఏరుతున్నాం. షెడ్డులో నుంచి ఒక్క చప్పుడు వచ్చింది. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు.

కోడలి చేయి చాటలో ఆగిపోయింది.

“ఎండకు రేకులు సాగినయ్” అన్నాను.

“రేకులు గట్ల మోగయి అత్తమ్మా.”

“మోగుతయి. బియ్యం సూడు.”

చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతారని, ఇంటి చుట్టూ తిరగరని మా సంఘంలో చెప్తారు. నేను అదే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. కాని ఆ చప్పుడు విన్నాక మిగిలిన బియ్యంలో రాళ్లు ఏరానో లేదో నాకు గుర్తు లేదు.

మా ఆయన వచ్చి మీది సిలిండరు గిన్నెలో నూనె పోశాడు. పెడల్‌కి ఏదో పాత స్ప్రింగు వెతికి తగిలించాడు. కోడల్ని సీట్లో కూర్చోబెట్టి, తాను కింద దూరి పైపులోని గాలి తీయబోయాడు. ఆ పని నేను పక్కన నిలబడి చూశాను. మీద ఉన్నవాళ్లు పెడల్ తొక్కి పట్టాలి. కింద ఉన్నవాళ్లు సిలిండరుకు ఉన్న చిన్న నట్టు వదులు చేస్తే గాలి, నూనె కలిసి బుడగలు బుడగలుగా బయటికి వస్తాయి. నట్టు మళ్లీ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. కోడలికి ఆ దెబ్బల భాష కొత్త. “ఇడువాల్నా మామా?” అని అరిచేది. ఆయనకు వినబడేది కాదు. ఆమె వదిలేసేది. పైపులో గాలి పోయినంత పోతే, వచ్చినంత వచ్చేది. పెడల్ గట్టిపడలేదు. మెత్తటి బురదలో కాలు పెట్టినట్టు నేల దాకా దిగిపోయేది.

దాన్ని చేత్తో పైకి లేపి ఆయన షెడ్డు తలుపు వేశాడు. పొద్దున తీస్తే పెడల్ కింద ఉంది. మళ్లీ లేపాడు. మళ్లీ పొద్దున కిందే ఉంది, ఎవరో తొక్కి పట్టుకున్నట్టు.

అప్పటి నుంచి కోడలు పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా షెడ్డు దగ్గరికి పోయి చూసి వచ్చేది. వచ్చి పొయ్యి ముట్టించేది. ఏమైందని నేను అడిగేదాన్ని కాదు. ఆమె మొహం చూస్తే తెలిసేది. ఒకనాడు పిండి కలుపుతూ తనే అంది.

“ఆయన కూసుంటున్నడు అత్తమ్మా సీట్ల.”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

“నేను ఒకపారి సీట్ల కూసుంటే, దిగు, ఇది ఆడోళ్ల బండి కాదన్నడు. మీరు గూడ విన్నరు.”

విన్నాను. అప్పుడు నేను రుబ్బురోలు దగ్గర ఉన్నాను. వాడు ఆ మాట అని నవ్వాడు. ఆమె నాలుక బయటపెట్టి వెక్కిరించి దిగింది. అంతే జరిగింది. కాని వాడు పోయాక ఆ మాటలోని నవ్వు ఆమెకు వినబడటం మానేసింది. ఉత్త మాట మిగిలింది.

“వద్దంటున్నడు” అంది. “నేను నడుపుడు ఆయనకు ఇష్టం లేదు.”

నేను కూడా షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు లోపలికి చూడకుండా పోతున్నాను. చీపురు కావాలంటే షెడ్డులో ఉన్నది వదిలేసి పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంటున్నాను.

ఆ వారం కూడిక మా ఇంట్లో పెట్టుకున్నాం. పాటలు, వాక్యం అయ్యాక, మా ఆయన అడిగితే, పాస్టరయ్య షెడ్డులోకి వచ్చి జీపు బానెట్ మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. “ఈ వాహనమును, దీనిని నడుపు నీ కుమార్తెను నీ రెక్కల నీడను కాయుము” అన్నాడు. అందరం ఆమెన్ అన్నాం. తర్వాత అందరూ తెచ్చుకున్న నూనె సీసాలను ముందు పెట్టుకుని ప్రార్థించారు. మాలో అది అలవాటు. ఆ నూనెను ఎక్కడ బాధ ఉంటే అక్కడ రాసుకుంటాం. నా మోకాలికి నేనూ రాసుకుంటాను.

కూడిక అయిన రెండు రోజులకు పెడల్ పూర్తిగా మొండికేసింది. కిందికి దిగింది దిగినట్టే ఉండిపోయింది. మా ఆయన చేత్తో లేపితే లేవదు. కాలి వేళ్లు కింద దూర్చి ఎత్తితే లేవదు. అంతకు ముందు తనంత తాను దిగినా, లేపితే లేచేది. ఇప్పుడు ఎవరో పూర్తి బరువు వేసి నిలబడ్డట్టుంది.

కోడలు కొంగు నెత్తి మీదికి లాక్కుని షెడ్డు బయటే నిలబడింది. “ఇగ సాలు మామా” అంది. ఆయనకు వినబడలేదు. నాకు వినబడింది. ఆ సాయంత్రం ఆమె తన ట్రంకు పెట్టె మంచం కింద నుంచి బయటికి లాగింది. అందులో ఏమీ పెట్టలేదు. మూత తీసి అలా ఉంచింది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం. ఉప్పల్‌లో బ్రేకుల పని చేసే ఒక పెద్ద భాయ్‌ని మా ఆయన వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన తెల్లటి బట్టల మీదే వచ్చాడు. జుమ్మా నమాజుకు పోవాలి, తొందరగా చూసి పోతానన్నాడు. గిన్నె మూత తిప్పి, లోపల వేలు ముంచి, వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

“అరే భాయ్, దీనికి ఏమైనా జుట్టు ఊడిపోతుందా?”

“ఏంది?” అన్నాడు మా ఆయన.

భాయ్ గొంతు పెంచాడు. “క్లచ్‌కు తలనూనె పెట్టిన్రు! కొబ్బరి నూనె!”

తర్వాత కింద దూరి, కింది సిలిండరు కొసన ఉన్న తొడుగు తీసి, లోపలి రబ్బరు వాషరును బయటికి లాగాడు. అరచేతిలో పెట్టి మాకు చూపించాడు. అది పూరీలా ఉబ్బి ఉంది. “ఈ రబ్బరుకు బ్రేక్ ఆయిల్ తప్ప వేరే నూనె పడదమ్మా. ఉబ్బుతది. ఉబ్బి గోడలకు కరుచుకుంటది. మీద గూడ గిదే ఉంటది. అందుకే పెడల్ పైకి వస్తలేదు. ఎవరు పోసిన్రు?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. బయట నిలబడిన కోడలు గట్టిగా, భాయ్‌కి కూడా వినబడేటట్టు, “నేనే” అంది.

“ఎందుకు బేటా?”

“మామ ఈ గిన్నెలనే ఏదో తేడా ఉన్నదన్నడు. నొప్పి ఉన్న కాడనే కదా నూనె రాస్తరు. ప్రార్థన నూనె. రెండు చెంచాలు పోసిన.”

భాయ్ నవ్వలేదు. మూత మళ్లీ బిగిస్తూ, “దువా మంచిదే బేటా. బానెట్ మీద రాయి, లోపల పోయకు” అన్నాడు.

“అంతకు ముందు కూడా పెడల్ తనంత తాను దిగేది భాయ్” అన్నాను నేను. “పొద్దున్నే చూస్తే కింద ఉండేది. అప్పుడు ఈ నూనె లేదు.”

ఆయన స్ప్రింగు పట్టి లాగి చూశాడు. అది సాగింది సాగినట్టే ఉండిపోయింది. “దీంట్ల జీవం లేదు. పెడల్ బరువు ఉంటది గదా అమ్మా. మెల్లమెల్లగ దిగుతది. దానికి ఎవరు తొక్కాలె?”

ఆ మాట విన్నాక నా గుండె తేలిక పడాలి. పడలేదు. ఎవరూ తొక్కడం లేదు. అయితే సీట్లో ఎవరూ లేరు. అది కూడా నేను కోరుకున్న మాట కాదని అప్పుడే తెలిసింది.

భాయ్ సంచిలో నుంచి కొత్త రబ్బర్ల కిట్టు, ఒక గట్టి స్ప్రింగు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. “మొత్తం నూనె పారబోయ్. రెండు సిలిండర్లు విప్పు. పైపు గూడ ఊడదీసి స్పిరిట్‌తోని కడుగు. లోపల జర కొబ్బరి నూనె మిగిలినా కొత్త రబ్బర్లు గూడ ఉబ్బుతయ్. పైపు ఊడదీయకుండ చేస్తే మళ్ల నన్ను పిలవకు” అని చెప్పి నమాజుకు పోయాడు.

మా ఆయన పానా తీసుకుని బానెట్ కింద ఒంగాడు. చాలాసేపు ఒంగే ఉన్నాడు. నేను వంటింట్లో నుంచి వచ్చి అడిగాను.

“ఏమైంది?”

“నట్టు రావట్లే. తుప్పు పట్టింది.”

ఇత్తడి నట్టుకు తుప్పేమిటి? దగ్గరికి పోయి చూశాను. ఆయన పానాను నట్టుకు పెట్టి పట్టుకున్నాడు. లాగడం లేదు. గట్టిగా తప్ప మాట్లాడటం రాని మనిషి, నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా అన్నాడు.

“వాడు బిగించిండే ఇది.”

అంతవరకు మేము ఆ నట్ల జోలికి పోలేదు. నూనె పోశాం, గాలి తీశాం, స్ప్రింగు తగిలించాం. పైపు మాత్రం వాడు బిగించి పోయినట్టే ఉంది. చుక్క కారలేదు. వాడి బట్టలు ఎవరెవరికో ఇచ్చేశాం. మంచం తీసేశాం. ఒక మనిషి మోచేతి బలం ఒక నట్టులో అలాగే నిలబడి ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు దాన్ని విప్పితే మళ్లీ అంత బిగువుతో బిగించేవాడు లేడు. బిగించినా అది వాడిది కాదు.

విప్పకపోతే కోడలు ఎల్లుండి ట్రంకు పెట్టె సర్దుకుని, చచ్చినవాడు తనను వద్దన్నాడని నమ్ముతూ వెళ్తుంది. తనకు ఇష్టమై పెళ్లి చేసుకోవడానికి వెళ్తే నాకు బాధ లేదు. ఆ నమ్మకంతో వెళ్లకూడదు. ఏ ఇంటికి పోయినా దాన్ని వెంట తీసుకుపోతుంది.

“ఇటు తే” అని పానా తీసుకున్నాను.

“నీకేం తెలుసు?”

“గుంజాల్సింది నట్టునే గదా. జరుగు. నువ్వు కిందికి పోయి పైపు పట్టుకో, వంకర పోతది.”

ఆయన జీపు కింద దూరాడు. నేను రెండు చేతులతో పట్టుకుని లాగాను. రాలేదు. కాలు బంపరుకు తన్నిపెట్టి లాగాను. రాలేదు. చిన్నప్పుడు వాడు ఏదైనా పట్టుకుంటే వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చేది. అలాగే ఉంది. పానాను ఇంకోసారి గుంజుతూ “ఇడువు బిడ్డా” అన్నాను. ఆ మాట ఎవరికీ వినబడాలని అనలేదు.

కింద నుంచి ఛాసిస్ మీద రెండు దెబ్బలు వినబడ్డాయి.

నట్టు కదిలింది. చిన్నగా కిర్రుమని మాత్రం అంది. ఆ తర్వాత వేళ్లతో తిప్పితే వచ్చేసింది.

ఒంగి చూశాను. మా ఆయన వెల్లకిలా పడుకుని రెండు చేతులతో పైపు పట్టుకుని ఉన్నాడు.

“నువ్వు కొట్టినవా?”

“ఏంది?”

“ఏం లేదు.”

ఆయన దగ్గర పానా లేదు. ఉన్న ఒక్క పానా నా చేతిలో ఉంది. దీని గురించి నేను పాస్టరయ్యను అడగలేదు. ఎవరినీ అడగలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పైపు కడిగి ఎండలో ఆరబెట్టాం. ఆయన రెండు సిలిండర్లూ విప్పి తుడిచి కొత్త రబ్బర్లు వేసి, పైపు మళ్లీ పెట్టి తానే బిగించాడు. కొత్త స్ప్రింగు తగిలించాడు. కొత్త నూనె పోశాడు. ఇక గాలి తీయాలి. సీట్లో కూర్చోమంటే కోడలు కదలలేదు.

“ఆయన దిగమన్న సీటు” అంది.

“నవ్వుకుంట అన్నడు. నేను గూడ విన్న. నువ్వు నాలుక ఎల్లబెట్టినవ్, అది గూడ చూసిన. బతికున్నప్పుడు నవ్వులాటకన్న మాటను సచ్చినంక ఆజ్ఞ జేయకు.”

ఆమె తల దించుకుంది. నేను చీర కుచ్చెళ్లు దోపుకుని సీటెక్కాను. నేనెప్పుడూ ఏ బండి స్టీరింగు ముందూ కూర్చున్నదాన్ని కాదు. కింద నుంచి ఒక దెబ్బ వినబడింది. తొక్కాను. నేను పొట్టి. కాలు సగం దాకే అందింది. సీటు కొసకు జరిగి, స్టీరింగు పట్టుకుని, నడుము కిందికి జార్చి తొక్కాను. రెండు దెబ్బలు. వదిలాను. ఒక దెబ్బ. మళ్లీ జారాను.

“పూర తొక్కు!” అని కింద నుంచి మా ఆయన అరిచాడు.

“తొక్కుతున్న! కాలు నీ దగ్గరికి రావాల్నా?”

కోడలు చూస్తూ ఉంది. ఆమెకు పని సగం సగం చేస్తే నచ్చదు. నా కాలు మూడోసారి పెడల్ మీంచి జారిపోయేసరికి ఇక ఊరుకోలేకపోయింది.

“అత్తమ్మా, మీకు అందుతలేదు. దిగున్రి జర.”

దిగాను. ఆమె ఎక్కి కూర్చుంది. ఒక దెబ్బకు తొక్కింది. రెండింటికి వదిలింది. ఇప్పుడు అరవలేదు, వింటోంది. నేను ముందు చక్రం పక్కన కూర్చుని కింది సిలిండరు నట్టుకు తగిలించి సీసాలో ముంచిన సన్న గొట్టం చూస్తూ ఉన్నాను. బుడగలు గుంపులుగా వచ్చాయి. తర్వాత పలచబడ్డాయి. ఒకటి వచ్చింది. తర్వాత ఉత్త నూనె.

“గట్టిపడ్డది” అంది కోడలు పైనుంచి. “కాలికి తెలుస్తున్నది.”

మా ఆయన కింది కడ్డీ పొడవు కొంచెం తగ్గించి, కొంచెం పెంచి, క్లచ్‌ను విడదీసే ఇనుప చేతికీ దానికీ మధ్య వేలి గోరంత సందు ఉంచి నట్టు బిగించాడు. ఇంజిను మొదలుపెట్టి, తొక్కి, గేరు వేస్తే చప్పుడు లేకుండా పడింది. కోడలు మెల్లగా వదిలింది. జీపు షెడ్డు లోంచి ఒక్క గుంజు గుంజుకుని బయటికి వచ్చింది. ఇంకా పూర్తిగా బయటికి రాని మా ఆయన పక్కకు దొర్లి, “ఒసే, నన్ను తొక్కుతవా ఏంది!” అని అరిచి నవ్వాడు. కొడుకు పోయిన తర్వాత ఆయన నవ్వింది అప్పుడే.

మరునాడు శనివారం. పదకొండు దాటాక క్యారియర్లన్నీ వెనక ఎక్కించాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను, పప్పు క్యారియరు ఒళ్లో పెట్టుకుని. ఆమె జీపును గల్లీలోంచి పెద్ద రోడ్డు మీదికి తీసుకొచ్చింది. బస్సు హారన్ కొడితే పక్కకు జరిగింది. లారీ వెనక పడితే ఆగింది. ఆగినప్పుడల్లా ఎడమ కాలు కిందికి పోవడం, పైకి రావడం నేను చూస్తున్నాను. ఆమె మొహానికి చెమట పట్టింది.

కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్ బండి చుట్టూ తిరిగి చూశాడు. “ఇదేం బండి? దీనికి కంపెనీ ఏది? డ్రైవర్ ఏడి?”

“నేనే. అన్నం చల్లారుతది, గేటు తియ్ అన్నా” అంది కోడలు.

గంట కొట్టకముందే చేరాం. వాళ్లు ఇంకా చేతులు కూడా కడుక్కోలేదు.

ఖాళీ క్యారియర్లు తీసుకుని ఇంటికి వచ్చాం. ఆమె జీపును షెడ్డులో పెట్టి ఇంజిను ఆపింది. దిగలేదు. రేకుల కింద వేడిగా ఉంది. ఇంజిను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

“రేపు మా అన్న వస్తడు” అంది.

“వస్తడు. పోతనంటవా, ఉంటనంటవా, నీ ఇష్టం. నేను చెప్పేదేం లేదు.”

“ఉంట” అంది. స్టీరింగు మీద చేయి వేసి మళ్లీ అంది. “పొద్దుటి సంది చూసిన అత్తమ్మా. తొక్కినప్పుడల్ల చూసిన. నా కాలే ఉన్నది. ఇంకెవరి కాలు లేదు. ఆయన బండ్ల లేడు.”

“లేకుంటే మంచిదే” అన్నాను.

ఆమె దిగి, క్యారియర్లు రెండు చేతులకు తగిలించుకుని ఇంట్లోకి పోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నెలు కింద పెట్టిన చప్పుడు వినబడ్డాయి. నేను కూడా పోయి కడగాలి. మధ్యాహ్నం ఎండ రేకుల సందుల్లోంచి డ్రైవరు సీటు మీద పడుతోంది. పెడల్ పైన ఉంది, కొత్త స్ప్రింగు దాన్ని గట్టిగా పట్టుకుంది. నేను పక్క సీట్లోనే, అది మళ్లీ దిగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. కోడలు లోపల నుంచి రెండుసార్లు పిలిచింది. వస్తున్నానని చెప్పాను. దిగలేదు.